డ్రమ్ము కింద ఇటుక

ఉద్యోగం నుంచి దిగిపోయి కొన్నేళ్లయినా నాకు ఇంకా ఫోన్లు వస్తూనే ఉంటాయి. చేసేది ఎక్కువగా కుర్రవాళ్లు. కొత్తగా ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొని ఉంటారు, లేదంటే నేను పనిచేసిన వర్క్‌షాపులోనే కొత్తగా చేరి ఉంటారు. అడిగేది ఒకటే. "సార్, డీజిల్ నమ్మేటట్టు లేదు. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్‌కు తోడు ఇంకోటి వేద్దామనుకుంటున్న. ఏది వెయ్యమంటరు?" వేయమనే చెబుతాను, అది మంచి పనే. అయితే ఫిల్టర్ సంగతి చెప్పేముందు ఇంట్లో ఒక ఇటుక ఉందా అని అడుగుతాను. ముసలాయనకు మతి తప్పిందనుకుంటారేమో. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక, అందరికీ కలిపి ఇలా రాసి పెడుతున్నాను.

నాది కట్టంగూర్ పక్కన ఒక పల్లె. నల్లగొండలో ఒక ప్రభుత్వ శాఖ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరి, అక్కడే హెడ్ మెకానిక్‌గా దిగిపోయాను. మా చేతి కింద ఉండేవి అడవిలో గస్తీ తిరిగే జీపులు. దేవరకొండ దాటి, డిండి దాటి, పాలమూరు వైపు అడవి గుట్టల మీద ఉన్న క్యాంపుల్లో అవి తిరిగేవి. పాత జీపులున్న కాలంలో మాకు డీజిల్ గురించి పెద్ద ఫికర్ ఉండేది కాదు. ఆ ఇంజన్లు ఏది పోసినా తాగేవి. కాస్త దగ్గేవి, నల్లగా పొగ కక్కేవి, మళ్లీ గుట్ట ఎక్కేవి. తెలంగాణ వచ్చాక మా శాఖకు కొత్త బండ్లు ఇచ్చారు. పాత అలవాటు కొద్దీ వాటినీ జీపులనే అనేవాళ్లం. ఏసీ, మెత్తని సీట్లు, తోలుతుంటే చప్పుడు కూడా సరిగ్గా వినపడదు. డ్రైవర్లు తెగ మురిసిపోయారు. మేము మాత్రం బానెట్ ఎత్తి చూసి మొహమొహాలు చూసుకున్నాం. ఈ కొత్త ఇంజన్లలో డీజిల్‌ను విపరీతమైన ఒత్తిడితో సన్నని రంధ్రాల్లోంచి చిమ్ముతారు. ఆ చిమ్మే ఇంజెక్టర్లకు నీళ్లంటే పడదు. డీజిల్‌లో నీళ్లు కలిసి వస్తే కొద్ది రోజుల్లోనే అవి పాడైపోతాయి. విడి సామాను హైదరాబాద్ నుంచి రావాలి, అది వచ్చేదాకా బండి మా వరండాలో పడుకుంటుంది.

గుట్టమీది క్యాంపు ఒకటి ఉండేది. అక్కడికి బంకు చాలా దూరం. అందుకని డీజిల్‌ను డ్రమ్ముల్లో నింపి ట్రాక్టర్ మీద పైకి పంపేవాళ్లు. క్యాంపులో ఒక చదును బండ ఉంది. ట్రాక్టర్ ఆనుకొని నిలబడేందుకు వేరే చోటు లేదు కాబట్టి డ్రమ్మును ఆ బండ మీదే దించేవాళ్లు. దాని పక్కనే మైసమ్మ రాయి. ఎర్రరంగు, పసుపు, వేపమండలు, నాలుగు గాజులు. మన దగ్గర గుట్ట ఎక్కే దారిలో మైసమ్మ లేని చోటు ఎక్కడుంది గనుక? అందుకని ఆ రాయిని మేమెవరం ప్రత్యేకంగా చూడలేదు.

ఆ క్యాంపు జీపు డ్రైవర్ గొర్ల మందలు కాచిన ఇంటి మనిషి. నలభైకి దగ్గర పడ్డవాడు. తండ్రి పోయాక మందను అమ్మేసి, డ్రైవింగ్ నేర్చుకొని, కాంట్రాక్టు మీద ఈ నౌకరిలో చేరాడు. ఇక వెనక్కి పోయేందుకు మంద లేదు. మాట తక్కువ. బండిని మాత్రం పెళ్లికూతురిలా ఉంచేవాడు. మా దగ్గరికి వచ్చే జీపుల్లో సీటు కింద కూడా దుమ్ము లేని జీపు అదొక్కటే.

ఆగిపోయేది కూడా అదే.

మొదటిసారి ఆగినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇంజెక్టర్లు విప్పి చూస్తే నీళ్ల దెబ్బ. బంకు వాడిని తిట్టుకున్నాం. అయితే అదే బంకులో పోయించుకునే మిగతా జీపులు హాయిగా తిరుగుతున్నాయి. రెండోసారి ఆగినప్పుడు మా స్టోర్ కీపర్ నోరు తెరిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. లోకంలో ప్రతి లీటరూ ఎవరో ఒకరు దొంగిలించేందుకే పుట్టిందని నమ్మేవాడు, అంతే.

"డీజిల్ల నీళ్లు యాడికెల్లి వస్తయ్ మేస్త్రీ? ఆకాశంకెల్లి పడ్తయా? వాడు తీసుడు, అమ్ముకునుడు, తగ్గినకాడికి నీళ్లు నింపుడు. గింతే కథ."

ఈ మాట వర్క్‌షాపు నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి క్యాంపుకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. పై అధికారి కొత్తగా వచ్చినవాడు, కొంచెం ముక్కుసూటి మనిషి. ఇంకొక్కసారి డీజిల్‌లో నీళ్లు దొరికితే డ్రైవర్‌ను తీసేస్తానని అందరి ముందూ చెప్పాడు. అట్లా దొంగ అనిపించుకొని బయటికి పోయినవాడికి ఇంకెక్కడా స్టీరింగ్ ఇవ్వరు. ఆ సంగతి అధికారికి తెలుసో లేదో గానీ డ్రైవర్‌కు బాగా తెలుసు.

బండిని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచాడు.

"ఒట్టు అన్నా, చుక్క డీజిల్ ముట్టలే. మందనమ్మి ఈ స్టీరింగ్ పట్టిన. దొంగ అన్నంక నేను మా ఊర్ల ఎట్ల తిరగాలె?"

నేను ఆయన్ని నమ్మాను. నమ్మడం సులభం, నిరూపించడమే కష్టం. ఆ రెండో పని నాకు చేతకాదు గనుక చేతనైన పని చేశాను. ట్యాంకు నుంచి ఇంజన్‌కు పోయే పైపులో ఒక అదనపు ఫిల్టర్ పెట్టాను. దాని అడుగున గాజు గిన్నె ఉంటుంది. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి ఆ గిన్నెలో దిగిపోతాయి. కింద చిన్న నల్లా. పొద్దున బండి తీసేముందు నల్లా తిప్పి నీళ్లు వదిలేస్తే చాలు. ఎట్లా తిప్పాలో చూపించాను. ఆయన దాన్ని ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడంటే, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో అంత శ్రద్ధ చూపినవాళ్లు తక్కువ.

కొన్నాళ్లు బండి ఆగలేదు. నేను వర్క్‌షాపులో కాస్త గర్వంగానే తిరిగాను. తర్వాత డ్రైవర్ నుంచి ఫోన్ వచ్చింది. గిన్నె రోజూ సగం నిండుతోందట. ఒక్క ఫిల్టర్ సరిపోవడం లేదేమోనని రెండోది పెట్టాను. అది ఇంకా సన్నది. దాంతో నీళ్లు ఆగాయి, డీజిల్ కూడా ఆగింది. చదునులో బాగానే పోయే బండి గుట్ట ఎక్కాలంటే ఊపిరాడక మూలిగేది. నా కింద పనిచేసే పాత ఫిట్టర్, నాకన్నా కాస్త పెద్దవాడు, జీపు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఇంకో రెండు ఫిల్టర్లు పెట్టు మేస్త్రీ, అప్పుడు నీళ్లు రావు, డీజిల్ రాదు, జీపు గూడ రాదు. ఏ లొల్లీ ఉండదు" అన్నాడు. రెండో ఫిల్టర్ పీకేశాను.

ఆ మధ్యలో డ్రమ్మును కూడా చూసి వచ్చాను. మూత బిగుతుగానే ఉంది. పైన పసుపు, కుంకుమ ఉన్నాయి. క్యాంపులో చేతిపంపుకు ఉంది, గేటుకు ఉంది, జీపుకు ఉంది, డ్రమ్ముకు ఎందుకుండదు? నేను చూశాను, చూడనట్టే వచ్చేశాను.

ఎండాకాలంలో, అడవిలో నిప్పు అంటుకునే రోజుల్లో, పై అధికారి ఆ క్యాంపుకు తనిఖీకి పోయాడు. తన బండిని క్యాంపులో పెట్టి, లోపలి దారి చూడాలని ఈ జీపు ఎక్కాడు. పోయేటప్పుడు బాగానే పోయింది. తిరిగి వచ్చేటప్పుడు, క్యాంపు కనబడేంత దూరంలో, ఎక్కుడులో ఆగిపోయింది. అధికారి ఎండలో గుట్ట ఎక్కి నడుచుకుంటూ వచ్చాడు. రాగానే నాకు ఫోన్ చేశాడు. "మేస్త్రీ, రేపు రాండ్రి. ఇగ రేపే తేలుద్దాం." ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది. కోపం ఉన్నవాడికి నచ్చజెప్పవచ్చు, తేల్చుకున్నవాడికి ఏం చెబుతాం?

మర్నాడు నేనూ, పాత ఫిట్టరూ పోయాం. స్టోర్ కీపర్ కూడా వెంట వచ్చాడు, దొంగ పట్టుబడేటప్పుడు తాను లేకపోతే ఎట్లా అని. క్యాంపు ముందు జీపును తాళ్లతో లాగి తెచ్చి పెట్టారు. డ్రైవర్ దాని పక్కన నిలబడ్డాడు. చొక్కా ఉతికి ఇస్త్రీ చేసుకొని వచ్చాడు. నౌకరి చివరి రోజని ఆయన కూడా తయారై వచ్చాడన్నమాట.

గాజు గిన్నె అంచుదాకా నీళ్లతో నిండి ఉంది, దాని నల్లా విప్పాను. ఎప్పుడూ నేల మీదికి వదిలే నీళ్లను ఆ రోజు అధికారికి చూపించాలని స్టీలు గ్లాసులో పట్టాను. అడుగున నీళ్లు, పైన డీజిల్. నీళ్ల అడుగున కొంచెం మడ్డి. ఇంతకుముందు దాన్ని డ్రమ్ము తుప్పు అనుకునేవాణ్ణి. ఆ రోజు ఎండలో చూస్తే తుప్పు రంగులో లేదు.

"చూసిండ్రా సార్," అన్నాడు స్టోర్ కీపర్.

అధికారి తలూపాడు. నేను ఆ మడ్డిని వేళ్లతో నలిపి చూసి, చేతులు కడుక్కుందామని తొట్టి దగ్గరికి పోయాను. మాకు చేతుల జిడ్డు పోవాలంటే బట్టల సబ్బే గతి. సబ్బు రుద్దాను. నా వేళ్లు ఎర్రగా అయ్యాయి.

ఒక క్షణం వేలు కోసుకుందేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. పసుపు మీద సున్నం పడ్డా, సబ్బు పడ్డా ఎరుపు తిరుగుతుందని మన ఇళ్లల్లో ఎవరికి తెలియదు? దిష్టి నీళ్లు చేసేది అట్లాగే కదా. నేను ఎర్రని చేతులతో వెనక్కి తిరిగేసరికి డ్రైవర్ నా చేతుల వైపే చూస్తున్నాడు. నా కన్నా ముందే ఆయనకు అర్థమైనట్టుంది.

"సార్," అన్నాడు అధికారితో. "అది పసుపు. నేనే పోసిన."

"ఏం పోసినవ్?"

"సాక పోసిన సార్. మైసమ్మకు ధార పోస్తం గదా, నీళ్లు, పసుపు, వేపాకు."

"డీజిల్ల నీళ్లు పోసినవా!" అన్నాడు స్టోర్ కీపర్. ఆయన ముఖం వెలిగిపోయింది.

"డీజిల్ల గాదు. డ్రమ్ము మీద. మూత తియ్యలే, ఏం తియ్యలే. ఐతారం నాడు తానం జేసి, మైసమ్మకు పోసి, జీపు చుట్టూ పోసి, ఆఖరుకు డ్రమ్ము మీద పోస్త. మా బాపు మందకు పోసేటోడు సార్, మందకు ఉప్పు పెట్టే తొట్టికి గూడ పోసేటోడు. బండికి ఈ డ్రమ్మే గదా బువ్వ పెట్టేది." డ్రమ్ము వైపు చూశాడు. "మొదలు ఎప్పుడో ఒకపారి పోసేటోన్ని. బండి ఆగినకాడ్నుంచి వారం వారం పోస్తున్న. పోస్తనే టంగుమంటది సార్. అమ్మ పలికిందనుకున్న."

టంగుమనడం అనేసరికి నాకు తక్కినదంతా తెలిసిపోయింది.

ఎండకు కాలిన డ్రమ్ము లోపల గాలి ఉబ్బి ఉంటుంది. దాని మీద చల్లని నీళ్లు పోస్తే ఆ గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది. రేకు లోపలికి గుంజుకొని టంగుమంటుంది. లోపల ఖాళీ ఏర్పడితే, బయట మూత చుట్టూ ఏది నిలబడి ఉంటే దాన్ని పీల్చుకుంటుంది. మూత ఎంత బిగించినా మర సందుల్లోంచి, అరిగిన వాషర్ సందుల్లోంచి పీలుస్తుంది. డ్రమ్ము పైభాగానికి చుట్టూ అంచు ఉంటుంది కదా, అందులో నీళ్లు పళ్లెంలో పోసినట్టు నిలుస్తాయి.

ఇదంతా నోటితో చెబితే అధికారి నమ్మడని నాకు తెలుసు. అందుకే డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయాను. సగం ఖాళీ అయి ఎండలో కాలుతోంది. పై రేకు పొడిగుడ్డతో తుడిచి, మూతను ఆయన చూస్తుండగానే పానాతో బిగించాను. కుండలోంచి చెంబెడు చల్లని నీళ్లు ముంచి పైన పోశాను.

టంగుమంది.

డ్రైవర్ చేతులు రెండూ అలవాటుగా దండం పెట్టబోయి ఆగిపోయాయి. అందరం వంగి చూశాం. అంచు లోపల నిలబడ్డ నీళ్లు మూత చుట్టూ సన్నగా కదులుతూ తగ్గిపోతున్నాయి, లోపల కూర్చొని ఎవరో తాగుతున్నట్టు. పాత ఫిట్టర్ "ఓరి దీని!" అన్నాడు. స్టోర్ కీపర్ ఇంకా వంగి మూతనే చూస్తున్నాడు. నీళ్లు ఆకాశంకెల్లి పడ్తయా అని అడిగింది ఆయనే. దాదాపు అట్లాగే పడ్డాయి.

అధికారి నడుం నిటారుగా చేసుకున్నాడు.

"అంటే దొంగతనం లేదు," అన్నాడు.

"లేదు సార్."

"నీళ్లు కలిసింది మాత్రం వీడితోనే."

"కలుపుకున్నది డ్రమ్ము సార్. ఆయన పోసింది అమ్మకు."

ఆయన డ్రైవర్ వైపు తిరిగాడు. "సరే. ఇయాల్టికెల్లి సాక బంద్. మాట ఇస్తే నౌకరి చేసుకో."

కథ ఇక్కడ సుఖంగా అయిపోవాలి. నేనైతే పానా సంచిలో పెట్టుకున్నాను కూడా. డ్రైవర్ తల వంచుకొని నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వీపు మీద చెమటకు అంటుకుపోయింది.

"తప్పుగ అనుకోకుండ్రి సార్," అన్నాడు. "మందను అమ్మిననాడు మా బాపు ఫోటో ముందట నిలబడి చెప్పిన. మంద లేకపోయినా సాక ఆపను అని. దొంగ గాదని మీరు అన్నరు, గది చాలు. నౌకరి పోతే పోనియ్యుండ్రి. సాక ఆపుడు నాతోని గాదు."

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంతసేపూ ఈయన నౌకరి నిలబెట్టడానికే కదా నేను డ్రమ్ముతో గారడీ చేసింది! ఇంట్లో పిల్లలున్నారు, చేతిలో మంద లేదు, ఇప్పుడు ఈ పట్టుదల ఏమిటి అని అరవాలనిపించింది. మళ్లీ ఇంకో ఆలోచన వచ్చింది. బండి ఆగిన ప్రతిసారీ ఆయన ఒక చెంబు నీళ్లు ఎక్కువ పోశాడు. బండి ఆగిన ప్రతిసారీ నేను ఒక ఫిల్టర్ ఎక్కువ పెట్టాను. నీళ్లు ఎక్కడ నుంచి వస్తున్నాయని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. నా ఫిల్టర్ ఆ ఇంజన్‌ను కాపాడిన మాట నిజమే. అన్ని నెలలూ గిన్నెలోని నీళ్లను నేల మీద పారబోయించి, ఒక్కసారి కూడా గ్లాసులో పట్టి చూడకపోవడం కూడా నిజమే. అలాంటప్పుడు ఆయన మీద అరిచే అర్హత నాకు ఎక్కడిది?

వంటగది గోడ పక్కన ఇటుకలు పడి ఉన్నాయి. ఒకటి తెచ్చాను. ఫిట్టరూ, డ్రైవరూ డ్రమ్మును ఒక పక్కకు ఎత్తారు. ఒక అంచు కింద ఇటుకను దోపాను. డ్రమ్ము కొంచెం వాలింది. మూత వాలుకు పైన ఉండేట్టు తిప్పాను. మళ్లీ చెంబెడు నీళ్లు పోశాను. నీళ్లన్నీ పల్లపు అంచుకు జారిపోయి, అంచు మీదుగా బండ మీదికి కారాయి. మూత చుట్టూ చుక్క నిలవలేదు.

"సాక పోసుకోనియ్యండి సార్," అన్నాను. "నీళ్లు మూత కాడ నిలవకుంటే చాలు. కొత్త వాషర్ పంపిస్త. ఇంక బండి ఆగితే నన్ను అడగండి, ఆయన్ని కాదు."

అధికారి డ్రమ్మును చూశాడు, ఇటుకను చూశాడు. దూరంగా నిలిపిన తన బండి వైపు కూడా ఒకసారి చూశాడు. దాని బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. అది చూసే మెత్తబడ్డాడో, ఎండకు విసిగిపోయాడో నాకు తెలియదు. "ఇటుక జరగకుంట చూడు," అని డ్రైవర్‌తో చెప్పి నీడకు పోయాడు.

మేము సామాను సర్దుకుంటుంటే డ్రైవర్ నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గిట్ల వంగి ఉంటే టంగుమంటదా?"

"వేడి రేకు మీద చల్లనీళ్లు పడితే అంటది. ఎందుకనదు?"

నేను చెప్పింది రేకు గురించి అని ఆయనకు తెలుసు. ఆయన అడిగింది రేకు గురించి కాదని నాకూ తెలుసు.

ఆ తర్వాత మిగతా క్యాంపుల డ్రమ్ముల కింద కూడా ఇటుకలు పెట్టించాం. వానాకాలం నీళ్లు కూడా అట్లాగే లోపలికి పోతాయని అప్పుడు తెలిసింది. గుట్టమీది జీపు మళ్లీ నీళ్ల వల్ల మా వరండాలో పడుకోలేదు. టైర్ల కోసం వచ్చింది, క్లచ్ కోసం వచ్చింది, అది ఏ బండికైనా తప్పదు. కాబట్టి ఫిల్టర్ వేయించండి. గాజు గిన్నె ఉన్నదే వేయించండి. కానీ గిన్నెలోకి వచ్చినదాన్ని పారబోసేముందు ఒకసారి చూడండి. ఫిల్టర్ నీళ్లను ఆపుతుంది, అవి ఎక్కడివో మాత్రం మీరే అడగాలి.

దిగిపోయే ముందు క్యాంపులన్నీ ఒకసారి చుట్టి వచ్చాను. గుట్టమీదికి పోయేసరికి మధ్యాహ్నమైంది. డ్రైవర్ ఎదురొచ్చి, చాయ్ పెట్టించి, జీపు బానెట్ ఎత్తి చూపించాడు. గాజు గిన్నెలో డీజిల్ తేటగా ఉంది. తర్వాత డ్రమ్ము దగ్గరికి పోయాం. పైన మచ్చ కూడా లేదు. కింద ఇటుక మాత్రం గుర్తుపట్టలేకుండా ఉంది. పొరలు పొరలుగా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు, పక్కన ఎండిన వేపమండ. సాక నీళ్లు ఇటుక మీదుగా కారి బండ మీద మరక కట్టాయి.

"డ్రమ్ము మీద పోస్తలేవా?" అన్నాను.

"ఇటుక మీద పోస్తున్న అన్నా."

"ఇటుక టంగుమనదు గదా. అమ్మ పలికినట్టు ఎట్ల తెలుస్తది?"

ఆయన నవ్వాడు. ఇన్నేళ్లలో ఆయన నవ్వడం అప్పుడే చూశాను.

"బండి ఆగుతలేదు గదా అన్నా. ఇంక ఎంత పలకాలె?"

మూత వాషర్ ఎట్లా ఉందో చూద్దామని వంగాను. వంగినవాణ్ణి, ఎందుకో ముందు ఆ ఇటుకను తాకి చేతిని కళ్లకు అద్దుకున్నాను. ఇంటికి వచ్చి సబ్బుతో కడుక్కుంటే వేళ్లు ఎర్రబడ్డాయి.